లాంకస్టర్ సౌండ్

కెనడా ఉత్తర కొసన, నూనవుట్ ప్రాంతంలో, డెవాన్, బాఫిన్ దీవుల నడుమ ఉన్న జలసంధి లాంకస్టర్ సౌండ్. ఇన్యూట్ ప్రజలు దీన్ని తల్లురుటియుప్ ఇమంగా అంటారు. దాదాపు 74 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద తూర్పు పడమరలుగా సుమారు 320 కిలోమీటర్లు సాగుతుంది. అట్లాంటిక్ నుంచి ఉత్తర అమెరికా పైభాగాన పసిఫిక్‌కు చేరే వాయవ్య మార్గానికి తూర్పు వాకిలి ఇదే. అందుకే ఐరోపా వాళ్లు రాసిన చరిత్రలో ఈ నీరు ఎప్పుడూ ఒక దారిగానే కనిపిస్తుంది. ఆ చరిత్ర మొదలవడానికి చాలా ముందే ఇక్కడ జనం కాపురమున్నారు. ఇన్యూట్‌ల పూర్వీకులైన థూలే ప్రజలు బోహెడ్ తిమింగలాల ఎముకలను వాసాలుగా వేసి కట్టుకున్న ఇళ్ల ఆనవాళ్లు రెజల్యూట్ అనే ఊరి దగ్గర నేటికీ ఉన్నాయి.

1616లో ఆంగ్ల నావికుడు విలియం బాఫిన్ దీని ముఖద్వారాన్ని చూసి, తమ యాత్రకు అండగా నిలిచిన వ్యాపారి జేమ్స్ లాంకస్టర్ పేరు పెట్టాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు ఐరోపా యాత్రికులెవరూ లోపలి అంతు చూడలేదు. 1818లో బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ రాస్ కొంత దూరం లోపలికి వెళ్లాడు. ఎదురుగా అడ్డంగా పర్వతశ్రేణి కనిపించింది. దానికి క్రోకర్ పర్వతాలని పేరు పెట్టి వెనుదిరిగాడు. అక్కడ పర్వతాలు లేవు. చల్లటి గాలి పొరల్లో కాంతి వంగి చూపిన ఎండమావి అది. మరుసటి ఏడాది విలియం ఎడ్వర్డ్ పారీ ఆ 'పర్వతాల' మీదుగానే ఓడలు నడిపించి మెల్‌విల్ దీవి దాకా వెళ్లాడు. రాస్ పరువు పోయింది. అయితే 1829లో మళ్లీ బయల్దేరి, మంచులో నాలుగు శీతాకాలాలు గడిపి, ఓడను కూడా పోగొట్టుకున్న అతణ్ని 1833లో ఇదే జలసంధిలో కాపాడింది ఇసబెల్లా అనే తిమింగల వేట ఓడ. 1818లో అతను నడిపిన ఓడ అదే.

1845లో వాయవ్య మార్గాన్ని వెతుకుతూ బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఫ్రాంక్లిన్ రెండు ఓడలతో ఇటుగా వెళ్లి తిరిగి రాలేదు. డెవాన్ నైరుతి మూలనున్న బీచీ దీవిలో అతని బృందానికి చెందిన మూడు సమాధులు 1850లో బయటపడ్డాయి. దారిని ఓడలో పూర్తిగా దాటడం 1903–06లో నార్వే యాత్రికుడు అముండ్‌సెన్‌కు గాని సాధ్యపడలేదు.

దారి సంగతి అటుంచితే, ఇంత వెలుగులేని ఈ చోట ఇన్ని ప్రాణులు ఎలా బతుకుతాయన్నది నిజంగా తెలుసుకోదగ్గ విషయం. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదలు దాకా ఇక్కడ సూర్యుడు కనిపించడు. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం గడ్డకట్టే ఉంటుంది. కానీ పడమటి నుంచి వచ్చే ప్రవాహం, బాఫిన్ అఖాతం నుంచి డెవాన్ తీరం వెంట లోపలికి చొచ్చి తిరిగి మళ్లే ప్రవాహం కలిసి లోతు నీటిలోని పోషకాలను పైకి తెస్తాయి. వసంతంలో పొద్దు పొడవగానే మంచు అడుగున నాచు పెరుగుతుంది. దాన్ని చిన్న రొయ్యల వంటి జీవులు, వాటిని ఆర్కిటిక్ కాడ్ చేప తింటాయి. పట్టెడంత ఈ చేప మీదే సీల్‌లు, బెలూగాలు, నార్వాల్‌లు, పక్షులు ఆధారపడతాయి. సీల్‌ల మీద ధ్రువపు ఎలుగుబంట్లు. ప్రపంచంలోని నార్వాల్‌లలో పెద్ద భాగం వేసవికి ఈ జలాలకూ పక్కనున్న పాయలకూ వస్తుంది. మెలితిరిగిన పొడవాటి కొమ్ములా కనిపించేది నిజానికి వాటి దంతం.

పడమటి చివరనున్న ప్రిన్స్ లియోపోల్డ్ దీవి కొండచరియలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. వాటి అంచుల మీద మర్, ఫుల్మార్, కిట్టివేక్ పక్షులు లక్షల్లో గూడు కడతాయి. మర్ పక్షికి గూడంటే ఉత్త రాతి అంచే. దానిమీదే ఒక్క గుడ్డు పెడుతుంది. మూడు వారాల పిల్ల, ఎగరడం రాకముందే, కొండ మీంచి నీళ్లలోకి దూకుతుంది. అక్కడి నుంచి తండ్రి వెంట దక్షిణానికి ఈదుతూ పోతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇక్కడి మనుషుల కథలో చేదు కలిసింది. 1953లో కెనడా ప్రభుత్వం హడ్సన్ బే తీరంలోని ఇనుక్జువాక్ నుంచి ఇన్యూట్ కుటుంబాలను దాదాపు 2000 కిలోమీటర్ల ఉత్తరాన రెజల్యూట్, గ్రీస్ ఫియర్డ్‌లకు తరలించింది. వేట బాగుంటుందనీ, వద్దనుకుంటే తిరిగి రావచ్చనీ చెప్పింది. వాళ్లు నెలల తరబడి చీకటి ఉండే చోటును ఎన్నడూ ఎరగరు. తిరిగి పంపుతామన్న మాట దశాబ్దాల పాటు నెరవేరలేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో.

అదే ఏడాది ప్రభుత్వం చమురు నిక్షేపాల అన్వేషణకు దారితీయగల భూకంప తరంగాల సర్వే తలపెట్టినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ల ఇన్యూట్‌లు కోర్టుకెళ్లి ఆపించారు. 2016లో షెల్ చమురు సంస్థ తన పాత అన్వేషణ అనుమతులను వదులుకుంది. 2019లో ప్రభుత్వానికీ ఇన్యూట్‌లకూ కుదిరిన ఒప్పందంతో లక్ష చదరపు కిలోమీటర్లకు పైబడిన సముద్రం సంరక్షిత ప్రాంతంగా మారే దారి సుగమమైంది. దాని నిర్వహణలో ఇన్యూట్‌లకు సమాన వాటా దక్కింది. తిమింగలాలను, సీల్‌లను తరతరాలుగా గమనిస్తూ వచ్చిన వాళ్లకు ఆ హక్కు ఎప్పుడో దక్కాల్సింది.

ఒత్తిళ్లు తీరలేదు. మంచు పలచబడేకొద్దీ ఓర్కా తిమింగలాలు మునుపటికన్నా ఎక్కువగా వచ్చి నార్వాల్‌లను వేటాడుతున్నాయి. బాఫిన్ దీవిలోని మేరీ రివర్ గని నుంచి 2015 నుంచీ ఇనుప ఖనిజపు ఓడలు నార్వాల్‌లు వేసవి గడిపే పాయ మీదుగానే తిరుగుతున్నాయి. ఆ రద్దీకి నార్వాల్‌లు బెదిరి తొలగిపోతున్నాయని దగ్గరి ఊరైన పాండ్ ఇన్లెట్ వేటగాళ్లు మొరపెట్టుకున్నారు. ఎగుమతిని రెట్టింపు చేసే ప్రతిపాదనను 2022 నవంబరులో కెనడా ప్రభుత్వం తిరస్కరించింది.