సైబరాబాద్ పరిసర సాగు భూములు: రక్షణ చట్టాలు, రైతు పథకాలు

హైదరాబాద్ నగరానికి పశ్చిమాన గల మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట ఒకనాడు పొలాలు, రాతి గుట్టలు గల గ్రామాలు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన అనంతరం ఈ ప్రాంతం ఐ.టి. కేంద్రంగా రూపొందినది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరా ధర 100 కోట్ల రూపాయలు దాటినది. భూమి విలువ ఇంతగా పెరిగిన చోట సాగును, సాగుదారును నిలబెట్టుటకు ఆధారమైన చట్టాలు, పథకాల వివరాలు దిగువ ఇవ్వబడినవి.

జి.ఓ. 111

1908 నాటి మూసీ వరదల దరిమిలా నిర్మించబడిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణకు 1996 మార్చి 8న జి.ఓ. నెం. 111 జారీ అయినది. మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల తదితర మండలాలలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలు, భారీ నివాస సముదాయాలపై ఆంక్షలు విధించబడినవి. ఉత్తర్వు ఉద్దేశం తాగునీటి రక్షణయే అయినను, దాని ఫలితంగా విస్తారమైన సాగు భూమి కూడా నిలిచినది. 2000 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఈ ఆంక్షలను సమర్థించినది. పొరుగు గ్రామాల వలె తమ భూములకు ధర రావడం లేదన్నది ఈ గ్రామాల రైతుల చిరకాల ఆవేదన. 2022 ఏప్రిల్‌లో జలాశయాల నీటి నాణ్యతకు భంగం కలుగరాదన్న షరతుతో ఆంక్షల సడలింపునకు జి.ఓ. నెం. 69 జారీ అయినది.

చట్టపరమైన రక్షణ

1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం, భూమిలేని పేదలకు ప్రభుత్వం కేటాయించిన భూమి వారసులకు సంక్రమించును గాని అమ్మకానికి వీలులేదు. అక్రమంగా చేతులు మారిన భూమిని స్వాధీనం చేసుకొని అసలు లబ్ధిదారునకు తిరిగి అప్పగించు అధికారం ప్రభుత్వానికి కలదు. 2006 నాటి వ్యవసాయ భూముల మార్పిడి చట్టం ప్రకారం, సాగు భూమిని ఇతర అవసరాలకు వినియోగించుటకు ముందస్తు అనుమతి, రుసుము చెల్లింపు తప్పనిసరి.

రైతు బజార్లు

దళారుల ప్రమేయం లేకుండా రైతు నేరుగా వినియోగదారునకు విక్రయించుటకు 1999 జనవరి 26న రైతు బజార్లు ప్రారంభమైనవి. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహిదీపట్నం బజార్లు నగర పరిసరాల కూరగాయల రైతులకు చేరువలో గలవు. గుర్తింపు కార్డు గల రైతులకు ఇచట స్థలం కేటాయించబడును. టోకు ధర కన్న ఎక్కువగా, చిల్లర ధర కన్న తక్కువగా ఏ రోజుకారోజు ధర నిర్ణయించి బోర్డుపై ప్రకటించెదరు.

పెట్టుబడి సహాయం, బీమా

2018 మేలో రైతుబంధు పథకం ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో ప్రారంభమైనది. అదే సంవత్సరం ఆగస్టులో రైతు మరణించిన పక్షంలో కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందించు రైతుబీమా అమలులోకి వచ్చినది. 2025 జనవరి 26న ప్రారంభమైన రైతు భరోసా క్రింద ఎకరాకు ఏటా 12,000 రూపాయలుగా సహాయం నిర్ణయించబడినది. లేఅవుట్లుగా మారిన భూములకు ఇది వర్తించదు.

కోట్ల ధర పలుకు భూమిని ఈ సహాయం ఒక్కటే సాగులో నిలుపజాలదు. సమీపంలో మార్కెట్, నీటి వసతి, హక్కు పత్రాల భద్రత కలిసి వచ్చినపుడే నగరం ప్రక్కన సేద్యం రైతుకు గిట్టుబాటు కాగలదు. పట్టా లేక కౌలుకు సాగు చేయువారికి సైతం ఈ ప్రయోజనాలు చేరుట అంతే అవసరం.