ఓడలో కింది గది: ఖర్చు తక్కువ.. కుదుపూ తక్కువే
విహారనౌకలో గది ఎంచుకునే ముందు డెక్ పటాన్ని చదవడం ఎలా?

చౌడేపల్లె: చౌడేపల్లె వాసులు సముద్రం చూడాలంటే చిత్తూరు మీదుగా చెన్నైకి రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. పుంగనూరు, మదనపల్లె ప్రజలకు ఆ దూరం మరికొంత ఎక్కువ. కుప్పం వారికి మాత్రం నేరుగా రైలు సౌకర్యం ఉంది. ఇంతకాలం చెన్నై వెళ్లినవారు మెరీనా తీరంలో కాళ్లు తడుపుకొని తిరిగి వచ్చేవారు. 2022 జూన్ 4న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ చెన్నై రేవులో కార్డెలియా సంస్థ విహారనౌక ‘ఎంప్రెస్’కు జెండా ఊపడంతో ఓడ ప్రయాణం ఈ ప్రాంతవాసులకూ అందుబాటులోకి వచ్చింది. అదే నెల 8న ఆ నౌక విశాఖపట్నం చేరింది. విశాఖలో విహారనౌకల కోసం ప్రత్యేకంగా నిర్మించిన టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు.

ప్రయాణానికి సిద్ధమైన కుటుంబానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న గది గురించే. పై అంతస్తులో బాల్కనీ గది తీసుకోవాలా, కింది అంతస్తులో చౌక గది చాలునా? కింది గది అనగానే ఇంజిన్ మోత, ఉక్కపోత, ఊపిరాడని చీకటి గుర్తుకు రావడం సహజం. ఈ భయం కారణంగానే చాలామంది అవసరానికి మించి వేలాది రూపాయలు చెల్లిస్తుంటారు. వాస్తవానికి కింది అంతస్తులో సరైన చోట ఉన్న గది, పై అంతస్తులోని ఖరీదైన గది కంటే ప్రశాంతంగా ఉండవచ్చు. ఆ ‘సరైన చోటు’ ఏదో డబ్బు కట్టకముందే తెలుసుకోవాలి.

ఏతం మాను చెప్పే సూత్రం

అలల మీద ఓడ రెండు రకాలుగా కదులుతుంది. ముందుభాగం లేచినప్పుడు వెనుకభాగం దిగడం ఒకటి. కుడి ఎడమలకు ఒరగడం రెండోది. మొదటి కదలికను అర్థం చేసుకోవడానికి పాతకాలపు ఏతాన్ని గుర్తు చేసుకుంటే చాలు. ఏతం మాను కొసలు బారెడు పైకి లేచి కిందికి దిగుతుంటే, మధ్యలో ఇరుసు దగ్గర కదలిక ఉన్నట్టే తెలియదు. మొగిలి ఘాట్‌లో బస్సు చివరి సీట్లో కూర్చున్నవారికి, మధ్య సీట్లో కూర్చున్నవారికి ఉండే తేడా కూడా ఇదే. ఓడ పొడవులో సరిగ్గా మధ్యనున్న గదికి ఎగుడుదిగుళ్లు అన్నిటికంటే తక్కువగా తగులుతాయి.

రెండో కదలిక టెంకాయ చెట్టు గాలికి ఊగడం వంటిది. మొదలు నిలకడగా ఉంటుంది, మొవ్వు ఊగిపోతుంది. నీటిమట్టానికి దగ్గరగా ఉన్న అంతస్తుల్లో ఒరగడం తక్కువగా అనిపిస్తుంది, పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఈ రెండు సూత్రాలనూ కలిపి చూస్తే, కుదుపు అతి తక్కువగా ఉండేది కింది అంతస్తు నడిమి గదిలోనే అని తేలుతుంది. తలతిరుగుడు, వాంతుల భయం ఉన్నవారు అధిక ధర పెట్టి పై అంతస్తుకు వెళ్లడం డబ్బిచ్చి ఊపు కొనుక్కోవడమే. ఆధునిక నౌకలకు ఇరుపక్కలా నీటిలోపల రెక్కల వంటి స్థిరీకరణ పరికరాలు ఉంటాయి. అవి ఒరగడాన్ని చాలావరకు తగ్గిస్తాయి కాని పూర్తిగా ఆపలేవు.

శబ్దం ఎక్కడి నుంచి?

కదలిక విషయంలో కింది గదిదే పైచేయి. చిక్కంతా శబ్దంతోనే. అయితే కింది అంతస్తు అంతటా ఒకే మోత ఉండదు. వెనుకభాగంలో ఇంజిన్ గదికి, ప్రొపెల్లర్లకు పైనున్న గదుల్లో ఎడతెగని గుంయ్‌మన్న ధ్వని, మంచానికి సన్నని వణుకు ఉంటాయి. ముందుభాగంలో రాత్రంతా నిశ్శబ్దంగా ఉండి, తెల్లవారుజామున ఒక్కసారిగా పిండిమర పక్కన పడుకున్నట్లు అవుతుంది. ఓడను రేవుకు ఆనించేటప్పుడు ముక్కు దగ్గర అడ్డంగా తిరిగే చిన్న ప్రొపెల్లర్లను నడపడమే దీనికి కారణం. వీటిని బో థ్రస్టర్లు అంటారు. లంగరు గొలుసు దించే చోటు కూడా ఆ దాపునే. అలల దెబ్బ గట్టిగా తగిలేదీ ముందుభాగానికే.

గదికి పైన ఏముంది, కింద ఏముంది అన్నది మరో ముఖ్యాంశం. నౌకల్లో సాధారణంగా కొన్ని అంతస్తుల నిండా గదులే ఉంటాయి. కొన్నిటిలో భోజనశాల, నాటకశాల, దుకాణాలు, నృత్యశాల వంటివి ఉంటాయి. నృత్యశాలకు నేరుగా కిందనున్న గదిలో అర్ధరాత్రి దాటాక కూడా డోలు దరువు వినిపిస్తూనే ఉంటుంది. వంటశాల కింద పడితే వేకువనే పాత్రల చప్పుడు, బండ్ల దొర్లింపు మొదలవుతాయి. ఈత కొలను ఉన్న అంతస్తుకు నేరుగా కిందనున్న ఖరీదైన గదుల్లోనూ తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు తప్పదు. అందువల్ల పైనా కిందా రెండు వైపులా గదుల అంతస్తులే ఉన్న చోటును చూసుకోవాలి. అనుభవజ్ఞులైన ప్రయాణికులు పాటించే మొదటి నియమం ఇదే.

లిఫ్టులు, మెట్ల ఎదుటి గదుల్లో రాకపోకల అలికిడి ఎక్కువ. అలాగని మరీ దూరం వెళ్తే వృద్ధులకు నడక భారమవుతుంది. లిఫ్టు నుంచి ఆరేడు గదుల దూరం ఉంటే రెండు విధాలా అనుకూలం. రెండు గదుల మధ్య లోపలి తలుపు ఉన్నవాటిని ఒకే కుటుంబం తీసుకుంటే తప్ప వదులుకోవడమే మంచిది. పక్కగదివారి మాటలు గోడ గుండా వచ్చేదానికంటే తలుపు గుండా ఎక్కువగా వస్తాయి. డెక్ పటంలో పేరేమీ రాయకుండా ఖాళీగా వదిలిన భాగాలనూ అనుమానించాలి. అవి చాలావరకు సిబ్బంది వాడుకునే సామాను గదులు, దారులు అయి ఉంటాయి. అక్కడి తలుపులు వేళాపాళా లేకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి.

నౌక పెద్దదైనా సూత్రాలు మారవు. ఉదాహరణకు ‘ఎంప్రెస్’ ఫ్రాన్స్‌లో తయారై 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో ప్రయాణాలు ప్రారంభించిన ఓడ. పొడవు సుమారు 211 మీటర్లు, గదులు దాదాపు 800. ఈనాటి మహానౌకలతో పోలిస్తే ఇది మధ్యరకం. అంతమాత్రాన తీసిపారేయనక్కరలేదు గాని, పాత నౌకల్లో గదులు ఇరుకుగా ఉంటాయన్న సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

కిటికీ ఉన్నదా, లేనిదా?

చౌక గదుల్లో రెండు తరగతులున్నాయి. మొదటిది ఓడ లోపలివైపు ఉండే కిటికీ లేని గది. అన్నిటికంటే తక్కువ ధర దీనిదే. దీపం ఆర్పితే చెయ్యి చాచినా కనపడని చీకటి, ఎప్పుడు తెల్లవారిందో తెలియదు. గాఢనిద్ర కావలసినవారికి ఇది వరమే. రాత్రివేళ లేచే వృద్ధులకు మాత్రం ఇబ్బంది కనుక చిన్న టార్చిలైటు వెంట ఉండాలి. మూసిన గదుల్లో ఊపిరాడనట్లు బెదిరే స్వభావం ఉన్నవారు ఈ గది జోలికి పోకూడదు.

రెండోది ఓడ అంచున గుండ్రటి లేదా చిన్న కిటికీతో ఉండే గది. కింది అంతస్తుల్లో కిటికీలు తెరుచుకోవు. సముద్రం అల్లకల్లోలమైతే సిబ్బంది వాటికి ఇనుప మూతలు బిగిస్తారు. అయినా మధ్య అంతస్తుల్లోని కొన్ని కిటికీ గదుల కంటే ఇవే నయం. రక్షణ పడవలను మధ్య అంతస్తుల వెంట వేలాడదీస్తారు. సముద్రం కనిపిస్తుందని డబ్బు కట్టినవారికి అక్కడ కిటికీ తెరిస్తే పడవ వీపు కనిపిస్తుంది. కింది కిటికీకి ఆ అడ్డు ఉండదు.

ధరలో దాగిన లెక్క

ప్రకటనల్లో కనిపించే ధర సాధారణంగా ఒక్కొక్కరికి, అదీ ఇద్దరు కలిసి ఉంటేనే. ఒంటరిగా వెళ్లేవారు దాదాపు రెండు టికెట్ల డబ్బు చెల్లించవలసి రావచ్చు. రేవు రుసుములు, జీఎస్టీ, సేవా రుసుము తరచూ విడిగా కలుపుతారు. కనుక చిట్టచివర చెల్లించవలసిన మొత్తాన్ని చూశాకే రెండు గదుల ధరలను పోల్చాలి. ఒకే గదిలో మూడో, నాలుగో వ్యక్తికి ధర తక్కువగా ఉంటుంది. అయితే వారికి దక్కేది గోడ నుంచి కిందికి దించే పైబెర్తు. నిచ్చెన ఎక్కి పడుకోవాలి. డెబ్బై ఏళ్ల అవ్వను ఆ బెర్తు ఎక్కించలేము. నలుగురూ ఒకే గదిలో సర్దుకుంటే మిగిలే డబ్బును ఈ కోణంలోనూ ఆలోచించుకోవాలి.

మరో వల కూడా ఉంది. గది నంబరు ఇవ్వకుండా తరగతి మాత్రమే ఖాయం చేసి, కాస్త ధర తగ్గించే పద్ధతిని అనేక సంస్థలు పాటిస్తున్నాయి. దీనిని గ్యారంటీ గది అంటారు. ఏ గది మిగిలితే అది ఇస్తారు. అదృష్టం ఉంటే మంచి గది, లేకుంటే ఇంజిన్ నెత్తిన గది. ఒక్కరాత్రి ప్రయాణమైతే, నిద్ర విషయంలో పట్టింపు లేకుంటే సరే. తల్లిదండ్రులను తీసుకువెళ్లేవారు మాత్రం ఆ కొద్దిపాటి తగ్గింపును వదులుకొని నంబరుతో సహా గది తీసుకోవడమే వివేకం. ఏజెంటు ద్వారా కొనేవారు రసీదుపై గది నంబరు, డెక్ సంఖ్య రాయించుకోవాలి. ప్రయాణం మానుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత తిరిగి ఇస్తారో కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏ కాలంలో ఎక్కడి నుంచి ఓడ నడుస్తుందో ఏటా మారుతుంటుంది కాబట్టి తేదీలను సంస్థ నుంచే నిర్ధారించుకోవాలి.

చెన్నై నుంచి 2022లోనూ, శ్రీలంక యాత్రలు మొదలైన 2023లోనూ ప్రయాణాలు జూన్‌లోనే ప్రారంభమయ్యాయి. నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం ఉప్పొంగే రోజులవి. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పోటెత్తే కాలం కూడా అదే. రైతు కుటుంబాలకు ఆ నెలల్లో తీరిక ఎక్కడిది? తీరిక దొరికే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం. ఆ రోజుల్లో ప్రయాణం కుదిరితే నడిమి గది నియమాన్ని మరింత గట్టిగా పట్టుకోవాలి. దేశంలోని రేవుల మధ్య తిరిగే ప్రయాణానికి గుర్తింపు కార్డు సరిపోతుంది, శ్రీలంక వంటి విదేశీ రేవుకు పాస్‌పోర్టు తప్పనిసరి.

అండమాన్ ఓడల్లో

విహారం కాక గమ్యమే ముఖ్యమైనవారికి చెన్నై, విశాఖల నుంచి అండమాన్ వెళ్లే ప్రభుత్వ ఓడల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు మూడు రోజుల ప్రయాణం. డీలక్స్, ఫస్ట్ క్లాస్ క్యాబిన్ల కింద బంక్ అనే తరగతి ఉంటుంది. రైలు స్లీపర్ బోగీని తలపించే పెద్ద హాలులో వరుసగా బెర్తులు. ఇక్కడ నిద్ర చెడగొట్టేది ఇంజిన్ కంటే తోటి ప్రయాణికుల సందడే. మెట్లకు, మరుగుదొడ్లకు దూరంగా ఉన్న కింది బెర్తు దొరికితే మేలు. దుప్పటి, తలగడ వెంట తీసుకువెళ్లాలి.

కింది అంతస్తుకు ఈ ప్రాంతంలో చెడ్డపేరు రావడానికి చరిత్ర కూడా కారణం కావచ్చు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 342 మందిని మోసుకొని నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందంపై వెళ్లిన కూలీలు వారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో వెళ్లినవారిలో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందిన తెలుగువారూ ఉన్నారు. ఇప్పటి చిత్తూరు, పుంగనూరు ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. గాలి, వెలుతురు లేని డెక్‌ల మధ్య వారాల తరబడి సాగిన ప్రయాణమది. ఈనాటి కింది గదికి ఏసీ, స్నానపు గది, రోజూ మార్చే పక్కదుప్పట్లు ఉంటాయి. పేరు ఒకటే గాని రెంటికీ పోలిక లేదు.

మునిగిపోతే?

కింది గది అనగానే ఇంట్లోని పెద్దలు అడిగే ప్రశ్న ఇది. ఓడ అడుగుభాగాన్ని నీరు చొరబడని గోడలతో, తలుపులతో అరలుగా విభజిస్తారు. ఒక అరలోకి నీరు వచ్చినా పక్క అరకు పాకకుండా చూడటమే దాని ఉద్దేశం. 2012లో ఇటలీ తీరంలో ‘కోస్టా కాంకోర్డియా’ ప్రమాదం జరిగిన తర్వాత అంతర్జాతీయ నిబంధనలను కట్టుదిట్టం చేశారు. దాని ప్రకారం 2015 నుంచి ప్రయాణికులు 24 గంటలకు మించి ఓడలో ఉండే ప్రయాణాల్లో ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, ప్రయాణికులకు రక్షణ కసరత్తు నిర్వహించాలి. ఆ సమయంలో గదిలో కూర్చోవడం తగదు. కింది గదివారు తమకు కేటాయించిన స్థలానికి లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా ఒకసారి నడిచి చూసుకోవాలి. ఎన్ని మలుపులు, ఎన్ని మెట్లు అన్నది గుర్తుపెట్టుకుంటే చీకట్లోనూ దారి తెలుస్తుంది.

ఓడ తీరం దాటాక సెల్‌ఫోన్ సిగ్నల్ పోయి, దానంతట అదే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు కలుస్తుంది. ఆ బిల్లు గది ధరలో ఆదా చేసిన డబ్బును మింగేయగలదు. ఎక్కగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. వాంతుల భయం ఉన్నవారు వైద్యుడిని సంప్రదించి, మాత్రను కడుపు తిప్పడం మొదలయ్యాక కాకుండా ముందుగానే వేసుకోవాలి. కిటికీ లేని గదిలో తల తిరిగితే అక్కడే ముడుచుకొని పడుకోకుండా, పైడెక్‌కు వచ్చి దూరాన ఆకాశం నీటిని తాకే గీతను చూస్తూ కాసేపు నిలబడితే ఉపశమనం కలుగుతుంది.