గొట్టం కంటే ముందు గ్లాసు

కొలనోస్కోపీ కథ చెప్పేవాళ్లు గొట్టంతోనే మొదలుపెడతారు. 1969లో న్యూయార్క్‌ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా పొట్ట కోయకుండా తీగ ఉచ్చుతో పెద్దపేగు గోడకు మొలిచిన పాలిప్ అనే కండను తీయడం పెద్ద మలుపే, కాదనను. కానీ మురికి పేగులో ఎంత ఖరీదైన గొట్టమైనా గుడ్డిదే. పరీక్ష చేయించుకున్నవాళ్లను అడిగి చూడండి, గొట్టం గురించి కాదు, దానికి ముందు తాగిన మందు గురించే చెబుతారు.

తొలినాళ్ల పద్ధతి మన అమ్మమ్మలకు వింతగా తోచేది కాదు. రెండు మూడు రోజులు తేట ద్రవాలు, ఆముదం లాంటి విరేచనాల మందు, పైన ఎనీమాలు. పేగు శుభ్రపడేలోగా మనిషి సొమ్మసిల్లేవాడు. 1970లలో ముక్కులోంచి వేసిన గొట్టంతో ఉప్పునీరు లీటర్లకొద్దీ ఎక్కించి కడిగారు. అందులో కొంత ఒంట్లోకి ఇంకేది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు అదో గండం. తియ్యటి మానిటాల్ తాగడానికి హాయిగా ఉండేది గానీ, పేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ పుట్టించేవి. పాలిప్ కోయడానికి కరెంటు పెట్టగానే ఆ వాయువు పేలి రోగి చనిపోయిన ఉదంతం 1979లో వైద్యపత్రికకెక్కింది.

మరుసటి ఏడాది డాలస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం దారి మార్చింది. పేగును తరిమే మందు కాదు, పేగు తనలోకి పీల్చుకోని, ఒంట్లోంచి నీరు లాగని ద్రవం కావాలనుకున్నారు. పాలిథిలిన్ గ్లైకాల్‌ను లవణాలతో కొలిచి కలిపారు. తాగిన నీరు ఒంటికి అంటకుండా పేగును కడుక్కుంటూ పోతుంది. ఇప్పటికీ పునాది అదే. అయితే 4 లీటర్లు! పైగా సల్ఫేటు ఉప్పురుచి. సగంలో వదిలేసినవాళ్లను తప్పుపట్టలేం.

అందుకే 1990లలో చిన్న సీసాలో సోడియం ఫాస్ఫేట్ రాగానే జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ సుఖానికి కొందరి మూత్రపిండాలు మూల్యం చెల్లించాయి, వాటిలో కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుపోయి. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జారీచేసింది.

ఇంత వెతుకులాటలో అసలు లాభం కొత్త మందు వల్ల కాదు, గడియారం వల్ల వచ్చిందని నా అభిప్రాయం. మందంతా ముందు సాయంత్రమే తాగేస్తే, రాత్రంతా చిన్నపేగు నుంచి జారిన పసరు, జిగురు పెద్దపేగు కుడివైపు గోడకు పూతలా పడతాయి. చదునుగా అతుక్కుని ఉండే పాలిప్‌లు దాక్కునేదీ ఆ వైపే. సగం ముందురోజు, సగం పరీక్షనాడు తాగిస్తే ఆ పూత కడిగేసుకుపోతుంది. 2014 నాటి అమెరికా మార్గదర్శకాలు రెండో సగాన్ని పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందు ముగించమన్నాయి. అంతకుముందే 2009లో బోస్టన్ కొలమానం వచ్చింది. పేగును మూడు భాగాలు చేసి ఒక్కోదాని శుభ్రతకు 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. ‘బాగానే ఉంది’ అనే డాక్టరుగారి మాటకు అప్పటినుంచి లెక్క కుదిరింది.

పథ్యమూ సడలింది. చాలామందికి ముందురోజు ఒక్కటీ పీచు తక్కువ తిండి చాలంటున్నారు. మన భాషలో తెల్లన్నం, మజ్జిగ సరే. గోంగూర, గింజల జామకాయ వద్దు.

2020లో అమెరికాలో కొత్తరకం మాత్రలకూ అనుమతి దొరికింది. మొత్తం 24. వాటితో తాగాల్సిన నీళ్లు మాత్రం దాదాపు 2.8 లీటర్లు.