ఒకే మంట, రెండు కుండలు

ఇంధనం పొదుపు అనగానే ఇవాళ కరెంటు బిల్లు, గ్యాసు బండ ధర గుర్తొస్తాయి. బిల్లులు పుట్టక ముందే మన ఇళ్ళలో ఈ పొదుపు ఉంది. అది వంటపొయ్యి దగ్గర నడిచింది, నడిపింది ఆడవాళ్ళు. రాజుల యుద్ధాలకు, జమీందారుల దానాలకు చరిత్ర రాసుకున్నాం గానీ, ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ సరిపడా పుల్లలు సమకూర్చి, వాటిలో ఒక్కటి కూడా వృథా పోనివ్వని వాళ్ళ తెలివికి రాసుకోలేదు. నాకు తెలిసినంతలో ఆ వెలితి తీర్చాలని ఇది రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మమ్మ వంటింట్లో మట్టితో వేసిన జంట పొయ్యి ఉండేది. ముందు పొయ్యిలో పుల్లలు పెడితే మంట అన్నం గిన్నెను కాచి, లోపలి దారి గుండా వెనక పొయ్యికి పోయేది. అన్నం ఉడికేలోపు వెనక గిన్నెలో పప్పుకు ఎసరు కాగి ఉండేది. అన్నం వార్చి దించగానే పప్పు ముందుకు వచ్చేది, చారు వెనక్కి చేరేది. వంట అయిపోయినా పొయ్యికి సెలవు లేదు. మిగిలిన నిప్పుల మీద వంకాయ కాలేది. నివురులో చిలగడదుంపలు మగ్గేవి. గంజి పశువుల కుడితిలోకి, బూడిద అంట్లు తోమడానికి పోయేవి. కాల్చిన పుల్లతో ఎన్ని పనులు చేయించుకోవచ్చో అన్నీ చేయించుకునేది ఆవిడ.

అన్నిటికంటే నేను మెచ్చుకునేది దాలి. పెరట్లో గోడవారగా గుంట, అందులో పిడకలు, పైన కాస్త ఊక. నిప్పు రాజేసి, పాలకుండ దించి, చిల్లుల మూకుడు మూత పెట్టేవారు. గుంటలోకి గాలి ఎక్కువ పోదు కాబట్టి పిడకలు మండవు, కనకన కాలుతూ గంటల తరబడి ఉంటాయి. పొద్దున పెట్టిన పాలు మధ్యాహ్నం దాటేసరికి ఎర్రగా కాగి, పైన మందంగా మీగడ కట్టేవి. పొంగుతాయన్న బెంగ లేదు, దగ్గర కాపలా ఉండక్కర్లేదు. గాలిని అదుపు చేస్తే నిప్పు అదుపులో ఉంటుందన్న సూత్రం ఏ బడిలోనూ చదవని వాళ్ళ చేతుల్లో ఇంత చక్కగా నడిచింది.

ఈ పొదుపుకు ఏడాది పొడుగునా ముందుచూపు కావాలి. కంది కొట్టాక కందికంప, పత్తి తీతలు అయ్యాక పత్తికట్టె ఇంటికి చేరేవి. ఎండాకాలం గోడలకు కొట్టిన పిడకలు గలగలా ఎండాక, వాటిని గూడుగా పేర్చి పైన పేడతో మెత్తేవారు. అలా చేస్తే శ్రావణ భాద్రపదాల ముసురులో కూడా లోపలి పిడక తడవదు. చలికాలం స్నానాల నీళ్ళ కాగు కింద మంచి కట్టె వేయడం తప్పు. దానికి రాలిన ఆకులు, తాటిమట్టలు, కొబ్బరి బొండాల డొక్కలే. కట్టెలు పండగలకు, పెళ్ళిళ్ళకు దాచిపెట్టేవారు.

పట్నంలో పిడకల గూళ్ళు కుదరవు. అక్కడ కట్టె అడితిలో తూకం వేసి కొనాల్సిందే. అందుకే పట్నపు ఇళ్ళలో బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి నిలిచాయి. గుంటూరులో మా పిన్ని పొట్టు పొయ్యి కూరుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. రేకు డబ్బా అడుగున పక్కగా ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచి ఒక కర్ర లోపలికి, దాని కొసకు ఆనేలా నడిమధ్యన మరో కర్ర నిలువుగా పెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి గట్టిగా దట్టించాలి. తర్వాత రెండు కర్రలూ మెల్లగా తిప్పుతూ లాగేస్తే పొట్టు మధ్యలో గొట్టంలా దారి మిగులుతుంది. కింద కన్నంలో చిన్న పుల్ల వెలిగిస్తే చాలు, ఆ దారి గోడలు లోపలి నుంచి అంటుకుని పూటంతా కాలేది. దట్టించడం వదులైతే పొట్టు కూలి పొయ్యి ఆరిపోయేది. కోత మిల్లు పారబోసే పొట్టుతో సంసారాలు గడిచాయి.

అయితే ఈ పొదుపుకు ఆడవాళ్ళు చెల్లించిన ధర చిన్నది కాదు. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ ఎర్రబడిన కళ్ళు, నల్లబడిన దూలాలు, వదలని దగ్గు. పైగా మూడు పొయ్యిగడ్డల మీద వంట చేస్తే కట్టెలోని వేడిలో గిన్నెకు చేరేది పదోవంతు అటూఇటూగానే. మిగతాదంతా గాలిపాలు.

ఈ రెండు బాధలకూ మూలం ఒకటేనని గుర్తించిన వాళ్ళలో ముందువరసలో ఉన్నది హైదరాబాదు. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో (ఇంగ్లీషు పొడి అక్షరాల్లో 'హెర్ల్') పనిచేసిన ఎస్.పి. రాజు 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం ప్రచురించారు. ఆయన రూపొందించిన పొయ్యి పరిశోధనాలయం పేరు మీదే 'హెర్ల్ చూల్హా' అయింది. మట్టితో కట్టుకోగల మూసిన పొయ్యి, వరసగా గిన్నెలకు కన్నాలు, చివర పొగను ఇంటి బయటకు పంపే గొట్టం. మొదటి గిన్నెను దాటిన వేడి రెండోదాన్నీ, ఆ తర్వాతిదాన్నీ కాచాకే బయటికి పోతుంది. అమ్మమ్మ జంట పొయ్యిలో ఉన్న ఆలోచనే ఇది. దానికి పొగగొట్టం చేర్చి, ఆడవాళ్ళ ఊపిరిని కూడా లెక్కలోకి తీసుకున్నారాయన. అందుకే ఆయన పేరు ప్రతి తెలుగు ఇంటికీ తెలియాలని నా కోరిక.

తర్వాత కిరసనాయిలు కాలం వచ్చింది. పంపు స్టవ్వు, వత్తుల స్టవ్వు, రేషన్ షాపు ముందు డబ్బాల వరస. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టడంతో కొద్ది నెలల్లోనే ప్రపంచ ధర దాదాపు నాలుగింతలైంది. ఆ దెబ్బతో ప్రభుత్వం కూడా వంటింటి వైపు చూసింది. ఇండియన్ ఆయిల్ పరిశోధకులు తక్కువ నూనెతో ఎక్కువ వేడినిచ్చే 'నూతన్' వత్తుల స్టవ్వు తయారు చేశారు. చమురు పొదుపు నేర్పడానికే 1978లో పీసీఆర్ఏ అనే సంస్థ ఏర్పడింది. గిన్నె మీద మూత పెట్టండి, పప్పు నానబెట్టండి అని అది చెప్పిన మాటలు మన పెద్దవాళ్ళు రోజూ చేసిన పనులే.

1980లలో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి, దేశమంతా కోట్ల పొయ్యిలు వేయించింది. 2002లో దాన్ని ఆపేశారు. చాలాచోట్ల గొట్టం మసితో పూడుకుపోయింది, పగిలిన పొయ్యిని బాగుచేసే దిక్కు లేకపోయింది. వండే మనిషిని అడగకుండా పొయ్యి వేస్తే అది నిలవదని ఆ అనుభవం గట్టిగానే చెప్పింది. ఈలోగా 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'దీపం' పథకం డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో మొదలైన 'ఉజ్జ్వల' అదే పనిని దేశమంతటా చేసింది. పొగ పోయింది. అది గొప్ప మేలు, వెనక్కి పోవాలని నేను అననే అనను.

కానీ పొగతో పాటు పొదుపు కూడా పోయింది. ఐఎస్ఐ గుర్తున్న గ్యాసు పొయ్యి కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి. అంత మంచి పొయ్యి చేతికొచ్చాక మనం మూతలు మరిచిపోయాం. లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు మరిగించడానికి 70 కిలోకేలరీలు చాలు. అదే లీటరు నీరు పూర్తిగా ఆవిరైపోవడానికి 540 కావాలి, అంటే ఏడు రెట్ల పైమాటే. నీళ్ళు మరిగాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీలు దాటదు, పప్పు తొందరగా ఉడకదు. ఆవిరి మాత్రం పోతుంది, బండ ఖాళీ అవుతుంది. కుక్కర్లో ఆవిరిని బంధిస్తాం కాబట్టి లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, అందుకే అది గ్యాసు మిగులుస్తుంది. ఆ కుక్కరూ విజిల్ వచ్చాక మంట తగ్గిస్తేనే ఆదా.

పాత వంటింటి నుంచి తెచ్చుకోవాల్సింది కట్టె కాదు, ఈ వివేకం. కందిపప్పు, శనగలు నానబెట్టండి. ఒకే కుక్కర్లో అన్నం, పప్పు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఎసరు మరగగానే మంట సిమ్‌లోకి తిప్పండి. అన్నం దించడానికి కాసేపు ముందే పొయ్యి కట్టేసి, మూత తీయకుండా ఉమ్మగిలనివ్వండి. మండుటెండల నెలల్లో స్నానాల నీళ్ళకు గీజరు వేయకండి, ట్యాంకులో నీళ్ళే వేడిగా వస్తాయి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. మీ ఇంట్లో పొయ్యి ముందు బతుకు గడిపిన పెద్దావిడ ఉంటే, ఆవిడ దగ్గర కూర్చుని ఏ కాలంలో ఏమి కాల్చేవారో, ఎలా మిగిల్చేవారో అడిగి రాసుకోండి. ఆ తరం దాటిపోతే ఆ లెక్క చెప్పేవాళ్ళు మనకు దొరకరు.