లారీ ఒకరిది, బిల్టీ మరొకరిది: రోడ్డు రవాణాలో చిన్న యజమాని చరిత్ర



పాత సినిమాల్లో లారీ కనిపించినప్పుడు దాని నుదుటి మీద రాసి ఉన్న మాటలను గమనించండి. 'పబ్లిక్ క్యారియర్' అని ఉంటుంది. ఇప్పటి లారీల మీద 'గూడ్స్ క్యారియర్' అని, చాలా వాటి మీద 'నేషనల్ పర్మిట్' లేదా 'ఎన్.పి.' అని ఉంటుంది. ఇవి పెయింటరు అందం కోసం రాసిన మాటలు కావు. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క చట్టం ఉంది. ఆ చట్టాల వల్ల ఎన్నో కుటుంబాల బతుకుతెరువు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లింది.

మన దేశంలో లారీలు ఎక్కువగా పెద్ద కంపెనీల చేతిలో లేవు. ఒకటి నుంచి ఐదు లారీల దాకా ఉన్న చిన్న యజమానులవే అధిక సంఖ్యలో ఉన్నాయి. వీరిలో కొందరు తమ లారీని తామే నడుపుకుంటారు. వీరందరి ముందూ ఒక ప్రశ్న ఉంటుంది. లారీని ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకి 'అటాచ్' చేసి వాళ్లు చెప్పిన సరుకు తోలాలా? లేక సొంత పర్మిట్టుతో, సొంత పేరు మీద సరుకు వెతుక్కోవాలా? ఈ ప్రశ్న ఎలా పుట్టిందో, కాలంతో పాటు ఎలా మారిందో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. ఉదాహరణగా భిలాయ్ నగరాన్ని తీసుకుందాం.

రైలు ఊళ్లో లారీ

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మొదటి దశలో సామర్థ్యం ఏటా 10 లక్షల టన్నులు. ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి రైల్లో వచ్చేది. తయారైన ఉక్కు కూడా ప్రధానంగా రైల్లోనే వెళ్లేది. ఆ ఉక్కులో పేరెన్నికగన్న వస్తువు కూడా రైలు పట్టాలే.

ఈ ఊరికి తెలుగువారు వచ్చిన దారి కూడా రైలు దారే. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం మార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతంతో కలిపింది. కర్మాగార ఉద్యోగుల కోసం సెక్టార్లుగా టౌన్‌షిప్ కట్టారు. దాని చుట్టూ సుపేలా, కోహ్కా, ఖుర్సీపార్ వంటి బస్తీలు పెరిగాయి. ప్లాంటులో ఉద్యోగం లేనివారికి దుకాణం, వర్క్‌షాపు, లారీ ఆధారమయ్యాయి.

రైలు ఊళ్లోకి లారీ ఎందుకు వచ్చింది? రైల్వేకు పెద్ద మొత్తంలో సరుకు కావాలి. కాలక్రమేణా రైల్వే చిల్లర సరుకును తగ్గించుకుని, పూర్తి రేకుల వైపు మొగ్గింది. ఇరవై టన్నుల ఇనుప చువ్వలు కావలసిన వ్యాపారికి రేకుతో పనిలేదు, లారీ చాలు. 1992 జనవరిలో ఉక్కు ధరల మీద, పంపిణీ మీద నియంత్రణ ఎత్తివేశాక ఇటువంటి చిన్న కొనుగోళ్లకు దారి మరింత సుగమమైంది. రాయపూర్ నుంచి జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా ఘాటు దిగి విజయనగరం వైపు వచ్చే రోడ్డు మీద సాలూరు ఉంది. ఆ ఊరు లారీల ఊరుగా పేరుపడటానికి ఈ దారి కూడా ఒక కారణం.

పర్మిట్టు యుగం

బ్రిటిష్ ప్రభుత్వం రైల్వేలో భారీగా పెట్టుబడి పెట్టింది. 1930 దశకంలో బస్సులు, లారీలు రైలు ఆదాయానికి గండి కొట్టడం మొదలుపెట్టాయి. దీనిపై 1932-33లో మిచెల్-కిర్క్‌నెస్ కమిటీ నివేదిక ఇచ్చింది. తరువాత 1939 మోటారు వాహనాల చట్టం వచ్చింది. ఇతరుల సరుకును కిరాయికి తోలాలంటే 'పబ్లిక్ క్యారియర్' పర్మిట్టు, తన సరుకు తానే తోలుకోవాలంటే 'ప్రైవేట్ క్యారియర్' పర్మిట్టు కావాలి. ఎన్ని పర్మిట్లు ఇవ్వాలో, ఏ ప్రాంతానికి ఇవ్వాలో రవాణా అధికారులే నిర్ణయించేవారు.

ఇదే కాలంలో అమెరికాలోనూ ఇదే జరిగింది. 1935 మోటార్ క్యారియర్ చట్టం ప్రకారం రాష్ట్రాల మధ్య కిరాయికి సరుకు తోలేవారికి ఫెడరల్ కమిషన్ అనుమతి అవసరమైంది. అనుమతి లేని చిన్న లారీ యజమాని, అనుమతి ఉన్న కంపెనీకి తన లారీని లీజుకిచ్చి దాని పేరు మీద నడిపేవాడు. వాహనం ఒకరిది, హక్కు మరొకరిది. మన దేశంలోనూ పర్మిట్టు దొరకనివాడు పర్మిట్టున్నవాడి నీడ చేరేవాడు. పర్మిట్లు తక్కువైనప్పుడు వాటికే ఒక ధర పుడుతుంది. ఆ కాలంలో అటాచ్‌మెంటు అనేది ఎంపిక కాదు, చాలామందికి అదొక్కటే దారి.

తలుపులు తెరుచుకున్న క్రమం

1975లో నేషనల్ పర్మిట్ పథకం వచ్చింది, కానీ పర్మిట్లకు సంఖ్యా పరిమితి ఉండేది. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చాక పరిస్థితి మారింది. అర్హత ఉన్నవారికి పర్మిట్టును మామూలుగా నిరాకరించకూడదన్నది కొత్త సూత్రం. పాత బస్సు ఆపరేటర్లు కొందరు దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1991 నవంబరులో మిథిలేష్ గార్గ్ కేసులో కోర్టు ఉదార విధానాన్నే సమర్థించింది. పోటీ పెరిగి తన లాభం తగ్గిందన్న కారణంతో ఎదుటివాడి పర్మిట్టును అడ్డుకునే హక్కు పాతవారికి లేదని దీని సారాంశం. అమెరికాలో ఇటువంటి సడలింపు 1980 చట్టంతో వచ్చింది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. భిలాయ్ లారీకి జబల్‌పూర్ అంతకుముందు సొంత రాష్ట్రంలోని ఊరు, ఆ రోజు నుంచి పరాయి రాష్ట్రంలోని ఊరు. అప్పట్లో ఒక్కొక్క రాష్ట్రానికి విడివిడిగా రుసుము కట్టాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2010 మే నెలలో దేశమంతటికీ కలిపి ఏటా 15,000 రూపాయల ఒకే రుసుము పెట్టారు. తరువాత దాన్ని 16,500 చేశారు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక రాష్ట్రాల వాణిజ్య పన్ను చెక్‌పోస్టులు తొలగిపోయాయి. ఇలా రోడ్డు చిన్న యజమానికి కూడా తెరుచుకుంది.

మరి సమస్య తీరిందా? లేదు. రోడ్డు దొరికింది గాని సరుకు దొరకలేదు.

బిల్టీ ఎవరి పేరు మీద?

సరుకు అప్పగించినప్పుడు రవాణాదారు ఇచ్చే రశీదును లారీ రశీదు అని, వాడుకలో బిల్టీ అని అంటారు. సరుకు పోతే జవాబుదారీ ఎవరో తేల్చేది ఈ కాగితమే. ఈ బాధ్యతను మొదట 1865 క్యారియర్స్ చట్టం నిర్వచించింది. దాని స్థానంలో వచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1 నుంచి అమలైంది. దీని ప్రకారం రశీదు మీద ఇతరుల సరుకు స్వీకరించి పంపే వ్యాపారం చేసేవారు 'కామన్ క్యారియర్'గా రిజిస్టరు కావాలి. ఈ రిజిస్ట్రేషనుకు సొంత లారీ ఉండి తీరాలన్న నియమం లేదు. ఒక్క లారీ కూడా లేని కంపెనీ కామన్ క్యారియర్ కావచ్చు. లారీ ఉన్నవాడు కాకపోవచ్చు.

జి.ఎస్.టి. కూడా ఇదే గీత గీసింది. కన్సైన్‌మెంట్ నోటు, అంటే బిల్టీ, ఇచ్చేవారు రవాణా ఏజెన్సీ. ఆ ఏజెన్సీకి లారీని కిరాయికిచ్చే యజమాని సేవకు పన్ను మినహాయింపు ఉంది. చిన్నవాడికి ఇది ఊరట. కానీ ఆ లెక్కలో అతను సరుకు రవాణా వ్యాపారి కాడు, బండి అద్దెకిచ్చేవాడు మాత్రమే.

ఒక చిన్న లెక్క

కోహ్కాలో ఒక్క లారీ ఉన్న యజమానిని ఊహించుకోండి. కింది అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే. విశాఖపట్నం పోను రాను 1,200 కిలోమీటర్లు. కిలోమీటరుకు 30 రూపాయల చొప్పున డీజిలు, టైర్లు, ఇతర ఖర్చులు కలిపి ట్రిప్పుకు 36,000. కిస్తీ, బీమా, పన్ను, జీతాలు కలిపి నెలకు 60,000. ఇది బండి కదిలినా కదలకపోయినా తప్పదు.

కంపెనీకి అటాచ్ అయితే పోను రాను కలిపి 46,000 వస్తుంది, నెలకు 7 ట్రిప్పులు ఖాయం. ట్రిప్పుకు 10,000 చొప్పున 70,000 మిగులుతుంది. కిస్తీ వగైరా పోగా 10,000.

సొంతంగా అయితే కిరాయి ఎక్కువ. పోను 40,000, తిరుగు లోడు 20,000. ట్రిప్పుకు 24,000 మిగులుతుంది. కానీ బ్రోకరు ఆఫీసు దగ్గర లోడు కోసం రోజుల తరబడి ఆగాలి. నెలలో 4 ట్రిప్పులు దొరికితే 36,000 లాభం. 3 దొరికితే 12,000. రెండే దొరికితే 12,000 నష్టం. తిరుగు లోడు దొరకని ట్రిప్పులో మిగిలేది 4,000 మాత్రమే.

మూడు నెలల్లో ఒక్కొక్కటి చొప్పున ఇవి వచ్చాయనుకుంటే నెల సగటు 12,000. అటాచ్‌మెంటులో 10,000. అంటే సగటులో తేడా స్వల్పం. అసలు తేడా ఒడిదుడుకుల్లో ఉంది. చేతిలో నిల్వ సొమ్ము ఉన్నవాడు ఒక చెడ్డ నెలను తట్టుకుంటాడు. లేనివాడి లారీని ఆ ఒక్క నెలలోనే ఫైనాన్సు కంపెనీ పట్టుకుపోవచ్చు. ఎక్కువ సంపాదించే మార్గం ఏదని అడిగే ముందు, ఎంత నష్టాన్ని తట్టుకోగలం అని అడగాలి.

అటాచ్‌మెంటులోనూ ప్రమాదాలున్నాయి. కిరాయి బిల్లు నెలన్నరకు గాని రాకపోతే ఈలోగా డీజిలుకు అప్పు చేయాలి. 2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ తొలగింది, 2017 జూన్ నుంచి ధర రోజూ మారే పద్ధతి వచ్చింది. డీజిలు పెరిగితే కిరాయి కూడా పెరగాలన్న షరతు ఒప్పందంలో లేకపోతే ఆ భారం యజమానిదే. సరుకు తరుగు, హాల్టింగు రోజుల కిరాయి ఎవరివన్నదీ ముందే రాసుకోవాలి. అమెరికాలో 1979 నాటి నిబంధనల ప్రకారం లీజు లిఖితపూర్వకంగా ఉండాలి. కిరాయిలో వాటా పద్ధతి ఉంటే అసలు బిల్లు నకలును లారీ యజమానికి చూపాలి. మన దగ్గర ఇటువంటివి ఎక్కువగా ఒప్పందం చేసుకున్న ఇద్దరి మీదే ఆధారపడ్డాయి. ఆ ఇద్దరి బలం సమానం కాదు. లారీ ఓనర్ల సంఘాలు లోడ్లను వరుస ప్రకారం పంచే పద్ధతి ఈ బలహీనత నుంచే పుట్టింది.

ముగింపు

1939లో చిన్న యజమానికి లేనిది పర్మిట్టు. 1989 తరువాత పర్మిట్టు దొరికింది, కానీ సరుకుదారుతో నేరుగా సంబంధం, కిరాయి వచ్చేదాకా ఆగగల పెట్టుబడి చాలామందికి దొరకలేదు. చట్టం ఒక తలుపు తెరిచినప్పుడు దాని వెనుక ఇంకో తలుపు ఉందేమో చూడటం చరిత్ర విద్యార్థి పని.

మీ ఊళ్లో లారీ ఉన్న కుటుంబాన్ని అడిగి మూడు విషయాలు రాసుకోండి: బిల్టీ ఎవరి పేరు మీద వస్తుంది? కిరాయి ఎన్ని రోజులకు చేతికందుతుంది? తిరుగు ప్రయాణంలో లారీ ఎన్నిసార్లు ఖాళీగా వస్తుంది? ఆ మూడు జవాబులు చాలు, ఆ లారీకి అసలు యజమాని ఎవరో మీరే నిర్ణయించగలరు.