ఆంత్ర సూక్ష్మజీవులు, స్వయంప్రతిరక్షక వ్యాధులు

దేహమును రక్షింపవలసిన తెల్లకణములు, ప్రతిరక్షకములు స్వీయధాతువులనే శత్రువులుగా నెంచి ధ్వంసము చేయుటవలన కలుగు సీలియాక్ వ్యాధి, రుమటాయిడ్ కీళ్లవాతము, మొదటి రకపు మధుమేహము మున్నగువానికి స్వయంప్రతిరక్షక వ్యాధులని పేరు. వీనికిని, పేగులయందు నివసించు బాక్టీరియా సముదాయమునకును గల సంబంధమును గూర్చి భారతదేశమున జరిగిన కృషిలో ఢిల్లీయు, తత్పరిసరములందలి ఫరీదాబాదు, బల్లభ్‌గఢ్ ప్రాంతములును ప్రముఖస్థానము వహించినవి.

పూర్వరంగము: మాధవనిదానమను ఆయుర్వేద గ్రంథము ఆమవాతమను కీళ్లవ్యాధిని జఠరాగ్నిమాంద్యముతో ముడిపెట్టినది. పెక్కు శతాబ్దముల పిమ్మట, 1901 ప్రాంతమున జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ దేహము తన్ను తాను హింసించుకొనుటకు జంకునని సిద్ధాంతీకరించెను; పారిస్ పాస్టర్ సంస్థయందలి మెచ్నికాఫ్ పేగులలోని బాక్టీరియా వార్ధక్యమును త్వరితము చేయునని వాదించెను. 1956లో అమెరికాలో విటెబ్‌స్కీ, రోజ్ అనువారు థైరాయిడ్ సారమును కుందేళ్లకు సూదిద్వారా నెక్కించి, వాని ప్రతిరక్షకములు స్వీయ గ్రంథిపైననే తిరుగబడుటను చూపగా ఎర్లిక్ సిద్ధాంతము సడలినది.

ఢిల్లీలో పరిశోధన: అదే 1956లో పార్లమెంటు చట్టముచే ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసినది. శ్రీకాకుళమున జన్మించి, 1969-79 నడుమ ఆ సంస్థకు సంచాలకుడుగా నుండిన వులిమిరి రామలింగస్వామి, కాంగ్రా లోయయందలి గలగండ వ్యాధి అయోడిన్ ఉప్పుచే నివారణమగునని నిరూపించిన మహనీయుడు. వ్యాధిమూలమును జనుల నిత్యాహారమునందు వెదకు ఆ పద్ధతియే తరువాతి సర్వేలయందును కానవచ్చును. గోధుమయందలి గ్లూటెనుచే రేగు సీలియాక్ వ్యాధి ఐరోపావారిదే యను తలంపు ప్రబలియున్న కాలమున, 1966లో ఢిల్లీ వైద్యులు మిశ్రా, కస్తూరి, చుట్టానీలు పెద్దలయందు దానిని గుర్తించి ప్రకటించిరి. 1993లో మాలవీయ ప్రభృతులు ఢిల్లీ సమీప గ్రామములను పరిశీలించి, వయోజనులలో నూటికి 0.75 మందికి రుమటాయిడ్ కీళ్లవాతము గలదని తేల్చిరి.

2011లో గోవింద్ మఖారియా బృందము ప్రకటించిన సర్వే ఈ చరిత్రలో ఘనమైన మైలురాయి. రాజధాని ప్రాంతమున పదివేలకు పైబడిన జనమును పరీక్షింపగా, ప్రతి 96 మందిలో ఒకరికి సీలియాక్ వ్యాధి యున్నట్లు తెలిసినది. 2016లో వెలువడిన మరియొక అధ్యయనము ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములను పోల్చినది: వ్యాధికి అనుకూలించు జన్యువులు దక్షిణాదివారియందును తక్కువ కాకున్నను, వ్యాధి మాత్రము అక్కడ అత్యల్పము, ఉత్తరమున సగటు దినసరి గోధుమ వినియోగము 455 గ్రాములు కాగా, దక్షిణమున 25 గ్రాములే. జన్యువు ఒక్కటియే రోగమును గలిగింపజాలదని దీనివలన స్పష్టమగుచున్నది.

బాక్టీరియాయు అట్టిదే. 2013లో న్యూయార్క్ పరిశోధకులు నూతనముగా కీళ్లవాతము సోకినవారి పేగులలో ప్రివొటెల్లా కోప్రి అను బాక్టీరియా అధికముగా నున్నదని ప్రకటించిరి; కాని 2018లో ఫరీదాబాదునందలి భవతోష్ దాస్ ప్రభృతులు బల్లభ్‌గఢ్, లేహ్ ప్రాంతముల ఆరోగ్యవంతులను పరీక్షింపగా, ప్రివొటెల్లా ప్రజాతియే వారియందును సమృద్ధిగా కనబడెను. పీచుపదార్థమును పులియబెట్టి కొన్ని బాక్టీరియాలు ఉత్పత్తిచేయు బ్యుటిరేటు ప్రతిరక్షణను శాంతపరచు కణములకు తోడ్పడును గనుక, ఏ క్రిమి ఏ ఆహారముపై బ్రతుకుచున్నదను విషయమును విడిచి, క్రిమి నామమును మాత్రమే చూచి దోషనిర్ణయము చేయుట యుక్తము కాదు. 2019లో పూణే, ఢిల్లీ శాస్త్రజ్ఞులు సీలియాక్ రోగుల బాక్టీరియాను వారి రక్తసంబంధుల బాక్టీరియాతో పోల్చి చూచిరి.

చికిత్స: వ్రణయుత బృహదాంత్రశోథమును శుద్ధ స్వయంప్రతిరక్షక వ్యాధిగా అందరును అంగీకరింపకున్నను, ప్రతిరక్షణ దోషము అందు ప్రధానము. 2022లో ఢిల్లీ సంస్థకు చెందిన కేడియా, ఆహూజా ప్రభృతులు 66 మంది రోగులపై జరిపిన ప్రయోగమున, వారిలో ఒక వర్గమునకు గ్రామీణ దాతల మలమునుండి తీసిన బాక్టీరియాను కొలనోస్కోపుద్వారా వారమున కొకపర్యాయము చొప్పున ఏడువారములు ప్రవేశపెట్టి, శోథహరమగు పథ్యమును జోడించిరి. ఎనిమిదవ వారమునకు ఆ వర్గమువారిలో నూటికి 60 మందికి వ్యాధి ఉపశమింపగా, సాధారణ చికిత్స పొందిన తక్కినవారిలో నూటికి 32 మందికే ఉపశమించెను. సీలియాక్ వ్యాధికి మాత్రము నేటికిని ఆజీవనము గోధుమ, బార్లీలను వర్జించి, వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్నలతో తృప్తిపడుటయే చికిత్స; ఇది రొట్టెయే ప్రధానాహారమైన రాజధానివాసులకు దుష్కరమైనది.