మూడంగుళాల ఎత్తు, ఎనభయ్యేళ్ళ కథ

జీపు ఎత్తు పెంచుకోవడానికి ఎంతవుతుందని అమెరికాలో ఎవర్నడిగినా రెండు రకాల జవాబులొస్తాయి. నూటయాభై డాలర్లంటాడు ఒకడు. రెండువేలకి తక్కువ కాదంటాడు ఇంకొకడు. ఇద్దరూ మాట్లాడేది అదే మూడంగుళాల గురించి, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తవ్వుకుంటూ పోతే రెండో ప్రపంచయుద్ధం దాకా వెళ్ళాల్సొచ్చింది. శనాదివారాల్లో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంతకంటే పనేముంటుంది చెప్పండి :)

అసలు కథలోకి వెళ్ళేముందు ఒక మాట. ముందూ వెనకా గట్టి ఇరుసులుండే బండికి సస్పెన్షన్ లిఫ్టు వేస్తే ఆ ఇరుసు ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవదు. ఇరుసు, దాని మధ్యలో ఉబ్బెత్తుగా వేలాడే డిఫరెన్షియల్ నేలకి ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేది టైరు ఒక్కటే. లిఫ్టు చేసేదల్లా ఇరుసుకీ బాడీకీ మధ్య సందు పెంచడం. ఆ సందులో పెద్ద టైరు పడుతుంది, ఆ టైరు ఇరుసుని లేపుతుంది. చాలామంది డబ్బులు పోసేది ఈ ముక్క తెలియకుండానే.

1940 జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకి ఒక చిన్న నాలుగు చక్రాల డ్రైవు బండి కావాలని కబురు పెట్టింది. నమూనా ఇవ్వడానికి గడువు 49 రోజులు. (మన క్లయింట్లు నయం!) బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ గీసిన బండి సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్‌కి చేరింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ ఫోర్డుకీ వెళ్ళాయి, యుద్ధం ముగిసేలోపు ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

అంత హడావుడిలో కొత్త సస్పెన్షన్ కనిపెట్టే తీరిక ఎవరికుంటుంది? నాలుగు మూలలా పట్టీల స్ప్రింగులు పెట్టేశారు. మన లారీ మెకానిక్కులు కమాన్ కట్ట అనేది దీన్నే. గుర్రబ్బగ్గీల కాలం నాటి సరుకు. 1804లోనే ఒబదయా ఇలియట్ అనే ఇంగ్లీషాయన దీని రకం ఒకదానికి పేటెంటు తీసుకున్నాడు. పాతదని తీసిపారెయ్యకండి. బరువు మొయ్యడం, ఇరుసుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకోవడం, పట్టీల మధ్య రాపిడితో ఊపుని కాస్త అణచడం, ఈ మూడు పనులూ ఆ ఒక్క వస్తువే చేస్తుంది. ఒకే ఫంక్షన్‌తో మూడు పనులు చేయిస్తే కోడ్ రివ్యూలో చివాట్లు పడతాయిగానీ, గరాజులో ఒంటరిగా పనిచేసుకునేవాడికి అంతకంటే వరం లేదు. ఒక్క వస్తువు మారిస్తే ఎత్తు మారిపోతుంది!

యుద్ధం అయ్యాక 1945లో విల్లీస్ వాళ్ళు సీజే-2ఏ పేరుతో ఇదే బండిని రైతులకి అమ్మడం మొదలెట్టారు. రైతులు పొలాలు దున్నుకున్నారు, మిగతావాళ్ళు కొండలెక్కారు. 1953లో కాలిఫోర్నియాలోని జార్జ్‌టౌన్ నుంచి రూబికాన్ దారి మీదుగా మొదటి జీపర్స్ జాంబొరీ జరిగింది. 1967లో యూటా రాష్ట్రంలోని మోఆబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ మొదలైంది. రాళ్ళకి పొట్ట తగులుతోందని తెలిసొచ్చాక ఎత్తు కావాలన్న ఆశ పుట్టింది.

అప్పట్లో డబ్బాలో పెట్టి అమ్మే కిట్లు ఎక్కడివి? ఎవడి వెల్డింగు వాడిదే. స్ప్రింగు చివర వేలాడే షాకిల్‌ని పొడుగుది వెయ్యడం అన్నిటికంటే చవక. రెండంగుళాల పొడుగు షాకిల్ వేస్తే ఎత్తు ఒక్కంగుళమే పెరుగుతుంది, ఎందుకంటే స్ప్రింగు రెండో కొస ఉన్నచోటే ఉంది కదా. పైగా ఇరుసు కాస్త తిరుగుతుంది, ముందు చక్రాల క్యాస్టర్ కోణం మారుతుంది. అది తగ్గే వైపు మారిందంటే బండి తిన్నగా పోవడం మానేస్తుంది. రెండో పద్ధతి కట్టలో అదనంగా ఒక పట్టీ దూర్చడం. ఇది మనకేం కొత్త కాదు, విజయవాడ ఆటోనగర్లో లోడు ఎక్కువ లాగడానికి లారీలకి చేసేది ఇదేగా. అమెరికావాడు దానికి యాడ్-ఎ-లీఫ్ అని పేరుపెట్టి రంగుడబ్బాలో పెట్టి అమ్ముతున్నాడు, అంతే తేడా.

మూడోది మొండి పద్ధతి. ఇరుసు కింద ఉన్న స్ప్రింగుని తీసి ఇరుసు పైన కూర్చోబెట్టడం. ఇరుసు గొట్టం మందం, స్ప్రింగు మందం కలిసి దాదాపు ఐదంగుళాలు లేస్తుంది, కొత్త స్ప్రింగు కొనక్కర్లేదు. సుజుకీ సమురాయ్ వాళ్ళకి ఇది మహా ఇష్టమైన విద్య. సమురాయ్ అంటే ఎవరో కాదు, 1985లో మన రోడ్ల మీదకొచ్చిన మారుతీ జిప్సీకి అన్నదమ్ముడే. ఐదంగుళాలు ఉచితంగా వచ్చాయనుకునేలోపు అసలు బిల్లు వస్తుంది. స్టీరింగు రాడ్డు ఏటవాలుగా మారి గుంతలో పడ్డప్పుడల్లా బండి పక్కకి లాగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి జాయింటు క్రాసులు అరుగుతాయి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు మెలిపడి స్ప్రింగు పాములా వంకర తిరుగుతుంది. ఎక్కడో ఒకచోట మార్పు చేస్తే ఇంకెక్కడో బిల్డు విరగడం మనకి తెలియనిదా!

ఇంకో బిల్లు కూడా ఉంది, అది ప్రాణాలతో కట్టాల్సింది. 1980 డిసెంబరులో సీబీఎస్ వాళ్ళ 60 మినిట్స్ కార్యక్రమం సీజే-5 జీపు మలుపుల్లో ఎలా పల్టీ కొడుతుందో దేశమంతటికీ చూపించింది. 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక సమురాయ్‌ని ఆమోదయోగ్యం కాదని తేల్చేసింది. సుజుకీ 1996లో దావా వేసింది, 2004లో రాజీపడ్డారు. ఆ పరీక్షలు న్యాయంగా జరిగాయా లేదా అని జీపు అభిమానులు ఈనాటికీ కొట్టుకుంటూనే ఉంటారు. నా మట్టుకు నాకు ఆ గొడవతో పనిలేదు. ఆ బండ్లు ఫ్యాక్టరీ ఎత్తులో ఉన్నవి, వాటికి ఎవరూ లిఫ్టు వెయ్యలేదు. చక్రాల మధ్య వెడల్పు పెంచకుండా బరువుని పైకెత్తితే ఏమవుతుందో చెప్పడానికి పత్రిక అక్కర్లేదు, ఇంటర్ ఫిజిక్సు చాలు. అదే బండి వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే మీద డెబ్భై మైళ్ళ వేగంతో వెళ్ళేది మనమే కదా.

ఈ కథలో అసలు మలుపు 1984 మోడలుగా వచ్చిన జీప్ చెరోకీ, ముద్దుగా ఎక్స్‌జే. అప్పటి యజమాని అమెరికన్ మోటార్స్ (1987లో దీన్ని క్రైస్లర్ కొనేసింది). ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీ, ఫ్రేమూ ఒకటే ముద్ద. అందువల్ల బాడీ కింద దిమ్మలు పెట్టి ఎత్తే చవక బాడీ లిఫ్టు దీనికి కుదరదు, సస్పెన్షన్ జోలికి పోవాల్సిందే. వెనక పాత కమాన్ కట్టే. ముందు మాత్రం గట్టి ఇరుసుని అలాగే ఉంచి కాయిల్ స్ప్రింగులు పెట్టారు.

కాయిల్ స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే. ఇరుసుని పట్టుకోవడం దానికి చేతకాదు. అందుకని ముందూ వెనకలు చూసుకోవడానికి నాలుగు కంట్రోల్ ఆర్ములు, పక్కలకి జరక్కుండా ఒక ట్రాక్ బారు పెట్టారు. ఒక ఫంక్షన్‌ని మూడు ముక్కలు చేశారన్నమాట. రోడ్డు మీద సుఖం పెరిగింది, లిఫ్టు వెయ్యడం కష్టమైంది. ట్రాక్ బారు పొడవు మారదు కాబట్టి బాడీని పైకెత్తగానే ముందు ఇరుసు డ్రైవరు వైపుకి జరుగుతుంది. కంట్రోల్ ఆర్ములు కిందికి వాలి చక్రాల్ని వెనక్కి లాగుతాయి, క్యాస్టర్ తగ్గుతుంది. దానికి తోడు ట్రాక్ బారు జాయింటు అరిగిపోయి ఉందా, ఓ యాభై మైళ్ళ వేగంలో చిన్న గతుకు తగిలితే చాలు, ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగుతాయి. డెత్ వాబుల్ అని ఊరికే పేరు పెట్టలేదు.

ఇప్పుడు ఆ నూటయాభై డాలర్ల మాటకొద్దాం. ఆ కిట్టులో ముందు కాయిల్స్ పైన పెట్టే స్పేసర్లు, వెనక్కి ఒక అదనపు పట్టీ ఉంటాయి. ఎత్తు నిజంగానే పెరుగుతుంది. కానీ పాత షాకబ్జార్బర్ల పొడవు పెరగలేదు కదా, చక్రం కిందికి దిగాల్సొచ్చినప్పుడు స్ప్రింగు కంటే ముందు షాకబ్జార్బరే సాగి ఆగిపోతుంది. అంటే ఎత్తు కొనుక్కుని కదలికని అమ్ముకున్నట్టు. ఇరవై ఏళ్ళు దాటి కుంగిపోయిన కట్టలో కొత్త పట్టీ దూరిస్తే అదొక్కటే బరువంతా మోసి, బండి ఎడ్లబండిలా కొడుతుంది. ఆ పైన ఐదారొందల ధరలో దొరికే కిట్టులో పూర్తి పొడుగు కాయిల్స్, నాలుగు పొడుగు షాకబ్జార్బర్లు వస్తాయి. సర్దుబాటు చేసుకునే ట్రాక్ బారు, బ్రేకు గొట్టాలు, స్వే బార్ లింకులు ఉన్నాయో లేదో డబ్బా మీద చదువుకోవాల్సిందే. ధరలో తేడా ఇనుములో తక్కువ, ఈ డిపెండెన్సీల జాబితాలోనే ఎక్కువ.

నాకు అన్నిటికంటే నవ్వొచ్చేది ట్రాన్స్‌ఫర్ కేస్ డ్రాప్. మూడంగుళాలు లేపాక వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి బండి వణుకుతుంది. చవక కిట్టు ఇచ్చే విరుగుడు, ట్రాన్స్‌ఫర్ కేసుని మోసే అడ్డపట్టీని ఓ అంగుళం కిందికి దింపే దిమ్మలు. అంటే బండి మధ్యలో పొట్ట కింద, సరిగ్గా రాయి తగిలే చోట, డబ్బిచ్చి కొన్న ఎత్తులో మూడోవంతు వెనక్కి ఇచ్చేస్తున్నాం! సరైన మందు, జారే యోక్‌ని తీసేసి స్థిరమైనది పెట్టి పొడుగు షాఫ్టు వెయ్యడం. ఆ ఖర్చు కిట్టు ఖర్చుతో పోటీపడుతుంది. రెండువేలన్నవాడి లెక్క ఇదీ.

1997 రాంగ్లర్‌కి నాలుగు మూలలా కాయిల్స్ వచ్చాయి. 2012 మోడళ్ళ నుంచి అమెరికాలో అన్ని కార్లకీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి అయ్యాక, ఎత్తు పెంచితే ఆ కంప్యూటరు లెక్కలూ చూసుకోవాల్సొస్తోంది. 2021లో జీప్ కంపెనీయే రాంగ్లర్ రూబికాన్‌కి ఒకటిన్నర అంగుళాల లిఫ్టు, 35 అంగుళాల టైర్లు ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మింది. వారంటీ సంగతి చాలామందికి భయం. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో డీలరు వారంటీ కొట్టెయ్యలేడు, ఆ పార్టు వల్లే పాడైందని చూపించాలి. అయితే లిఫ్టు వేశాక స్టీరింగు జాయింటు పోయిందనుకోండి, చూపించడం అంత కష్టమేం కాదు.

ఇండియాలో ఉన్నవాళ్ళ కథ వేరు. 1947 నుంచి విల్లీస్ జీపులు బిగించిన మహీంద్రా, 2010 థార్‌కి ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు ఇచ్చింది. 2020 థార్‌కి నాలుగు మూలలా కాయిల్సే. ఆటోనగర్లో చెయ్యగల మేస్త్రీలు బోలెడుమంది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ చెప్పిన కొలతలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు వాడు ముందు వెతికేది అదే.

తక్కువ బడ్జెట్లో పాత ఎక్స్‌జే కొని ఏ కిట్టు వెయ్యాలని అడిగేవాళ్ళకి నా లెక్క చెప్తాను. మొదటి రెండు మూడొందలు కిట్టు మీద పెట్టకండి. ట్రాక్ బారు, టై రాడ్డు చివర్లు, బాల్ జాయింట్లు, కంట్రోల్ ఆర్ముల బుష్షులు, వీటిల్లో అరిగినవి మార్చండి. తర్వాత మూడంగుళాలకి మించొద్దు. దానికి 31 అంగుళాల టైరు హాయిగా పడుతుంది, గేర్లు మార్చే ఖర్చు తప్పించుకోవచ్చు. వెనక అదనపు పట్టీ బదులు పూర్తి కట్టే కొనండి. దానికి డబ్బు చాలకపోతే ఇంకో రెణ్ణెల్లు ఆగండి. ముందు ఇరుసుకి దిమ్మలు పెట్టి లేపుతానన్నవాడి గరాజు గుమ్మం ఎక్కొద్దు. అంతా బిగించాక అలైన్‌మెంట్ చేయించి, వారం తర్వాత ప్రతి బోల్టూ టార్క్ రెంచితో మళ్ళీ బిగించండి. హాలిస్టర్ హిల్స్ లాంటి చోట్ల తేలికపాటి దారులకైతే ఈ మూడంగుళాలు కూడా అక్కర్లేదు, మంచి టైర్లు వేసుకుని గాలి కాస్త తగ్గిస్తే చాలు.